మిరపాకులో నీటిని మంచు కట్టకుండా బిగించడం

వరంగల్ చుట్టుపక్కల ఏ పశువుల దవాఖానకు పోయినా లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ కనిపిస్తుంది. లోపల మైనస్ 196 డిగ్రీల చలి. ముడత పట్టిన మిరపాకు ముక్కను అందులో ముంచి, కణాల్లోని నీటిని బిగించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ముక్క తగలగానే నైట్రోజన్ మరిగి దాని చుట్టూ ఆవిరి పొర కమ్ముకుంటుంది. కాలిన పెనం మీద నీటిచుక్క అంటుకోకుండా ఉరుకుతుంది చూడండి, అదే సంగతి. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. చల్లబడటం ఆలస్యమై, కణంలోని నీరు మంచు పలుకులుగా పెరిగి కణపు పొరలను చీలుస్తుంది. ఫ్రీజర్లో పెట్టి తీసిన టమాట మెత్తబడి నీరు కారేది ఇందుకే.

పలుకు కట్టే వ్యవధి ఇవ్వకపోతే నీరు గాజులా బిగుసుకుంటుంది. దానికి సెకనుకు లక్ష డిగ్రీల చొప్పున చల్లబడే వేగం కావాలి. శాస్త్రవేత్తలు జాక్ డుబోషే, అలాస్‌డేర్ మెక్‌డోవాల్ 1981లో దీన్ని చేసి చూపారు. డుబోషేకు 2017 నోబెల్‌లో వాటా దక్కింది.

ముడత తెచ్చే వైరస్‌ను ఆకు నుంచి శుద్ధి చేసిన ద్రవమైతే పని తేలిక. 3 మిల్లీమీటర్ల గ్రిడ్ (సన్నని జల్లెడలాంటి లోహపు బిళ్ల) మీద 3 మైక్రోలీటర్ల చుక్క వేసి, ఫిల్టర్ పేపర్‌తో మూడు నాలుగు సెకన్లు అద్ది, వెంటనే ద్రవ ఈథేన్‌లోకి వదలాలి. ఈథేన్ మైనస్ 89 దాకా మరగదు కాబట్టి ఆవిరి పొర కట్టదు. అయితే మైనస్ 183 దగ్గర గడ్డకడుతుంది. ఈథేన్ గిన్నెను చల్లగా ఉంచేందుకు చుట్టూ పోసిన నైట్రోజన్ అంతకంటే చల్లన. అందుకే గిన్నెలో అంచుల వెంట గడ్డ కడుతుంటే లోహపు కడ్డీ ఆనించి కరిగించాలి. ఈథేన్ అంటుకునే వాయువు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. అద్దడం తక్కువైతే పొర మందమై ఎలక్ట్రాన్లు దాటవు, ఎక్కువైతే వైరస్‌లు ఎండిపోతాయి. తర్వాత గ్రిడ్ మైనస్ 140 కన్నా వేడెక్కితే గాజు మళ్లీ పలుకులవుతుంది. మన వానకాలపు గాలిలోని తేమ, మనిషి ఊపిరి కూడా గ్రిడ్ మీద మంచు ధూళిగా పడతాయి. మాస్కు తప్పదు.

అసలు కష్టం ఆకుది. ముంచి గడ్డకట్టించే పద్ధతి కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) లోతు వరకే పనిచేస్తుంది. దళసరి ముక్కకు 2,100 బార్ల ఒత్తిడి పెట్టి గడ్డకట్టిస్తారు. సముద్రంలో అత్యంత లోతైన చోట ఉండే ఒత్తిడికి ఇది దాదాపు రెట్టింపు. అంత ఒత్తిడిలో నీరు మైనస్ 22 దాకా గడ్డకట్టదు, పలుకులు నెమ్మదిగా పెరుగుతాయి. అందుకే 200 మైక్రాన్ల మందం వరకు చెల్లుతుంది. కానీ ఆకు లోపల గాలి గదులుంటాయి. ఒత్తిడికి అవి నలిగిపోతాయి, వేడినీ సరిగా పోనివ్వవు. ఒత్తిడి పెట్టేముందే, కోసిన 2 మిల్లీమీటర్ల బిళ్లను హెక్సాడెసీన్ అనే నూనెలాంటి ద్రవంలో ముంచి ఆ గాలిని తీసేయాలి. ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా వృథా.

తర్వాత 1 నుంచి 2 శాతం ఆస్మియం టెట్రాక్సైడ్ (కణపు పొరలను నిలిపి ఉంచే రసాయనం) కలిపిన అసిటోన్‌లో మైనస్ 90 దగ్గర రెండు మూడు రోజులుంచితే, మంచు స్థానంలోకి అసిటోన్ చేరుతుంది. ఆస్మియం ఆవిరి కళ్లకు ప్రమాదం, ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే పట్టుకోవాలి. ఆపై గంటకు కొన్ని డిగ్రీల చొప్పున వేడెక్కించి, గట్టిపడే జిగురైన రెసిన్‌లో పొదిగి, 70 నానోమీటర్ల పొరలుగా కోస్తారు. కణ కేంద్రకంలో వల అల్లినట్టు ఖాళీలు కనిపిస్తే అక్కడ మంచు పలుకులు పెరిగాయనే లెక్క. ఆ ముక్క పారేసి కొత్త ఆకు కోయాల్సిందే.