గ్యాస్ అనే ఒక్క మాట, పేగు కడిగే గొట్టం

హనుమకొండ చౌరస్తాలో ఏ మందుల దుకాణం దగ్గరైనా సాయంత్రం పూట కాసేపు నిలబడండి. "గ్యాస్ గోలీ" అనే మాట తప్పకుండా చెవిన పడుతుంది. అడిగినవారి చేతిలో దుకాణదారు మారుమాట లేకుండా పెట్టేది సాధారణంగా పాంటోప్రజోల్, లేదంటే ఒమిప్రజోల్. జీర్ణాశయం గోడలోని కణాలు ఆమ్లాన్ని స్రవించకుండా ఆపే మందులవి. గుండెల్లో మంటకు, కడుపులో పుండుకు మంచి మందులే. కడుపులో పుట్టే వాయువును మాత్రం అవి నేరుగా తగ్గించవు. మనమేమో ఛాతీలో మంటనూ గ్యాస్ అంటాం, తిన్నది అరగక బరువుగా ఉన్నా గ్యాస్ అంటాం, పొట్ట డోలులా బిగుసుకున్నా గ్యాసే, వీపు పట్టేసినా గ్యాసే. ఎడమ చేతిలోకి పాకే గుండెనొప్పిని సైతం గ్యాస్ అనుకొని సోడా తాగి పడుకున్నవారు ఉన్నారు. వారిలో కొందరు మరునాడు లేవలేదు. ఇన్ని జబ్బులను తన కింద దాచేస్తున్నందుకే ఆ మాట మీద నాకు కోపం.

బతుకమ్మ పండుగ ముందు పరకాల నుంచి మా అక్క ఫోన్ చేసింది. మూడు నెలలుగా కడుపుబ్బరం, పొద్దున బాగానే ఉంటుంది, పొద్దు గూకేసరికి పొట్ట బిగుసుకుపోతుంది. "పేగులు కడిగిస్తే ఏళ్లనాటి మలినం అంతా పోతుందట, ఇక గ్యాస్ రాదంటున్నారు. ఆరుసార్లు చేయించుకోవాలట. పోవాలా తమ్ముడూ?" అని అడిగింది. వద్దక్కా అన్నాను. ఎందుకు వద్దో చెప్పడానికి మాత్రం గంట పట్టింది.

కోలన్ వాష్, పేగుల శుద్ధి, డీటాక్స్ అని రకరకాల పేర్లతో పిలిచే ఈ పద్ధతిలో మలద్వారం గుండా ఒక గొట్టం పెట్టి గోరువెచ్చని నీటిని పెద్దపేగులోకి పంపుతారు, మళ్లీ బయటికి వదులుతారు. ఇలా ముప్పావు గంటలో పలు దఫాలుగా మొత్తం 60 లీటర్ల వరకు నీరు వాడేవారు ఉన్నారు. రెండు బిందెలకు మించిన నీరు! ఇంట్లో ఇచ్చుకునే ఎనిమాలో నీరు మహా అయితే లీటరు, ఒకటిన్నర లీటరు.

మరి ఆ నీరు కడగాల్సిన గ్యాస్ ఎక్కడిది? కొంత మనం మింగిన గాలి. గబగబా తిన్నా, మాట్లాడుతూ తిన్నా, పాన్ నములుతున్నా గాలి లోపలికి పోతుంది. అందులో చాలా భాగం తేన్పుగా తిరిగి వచ్చేస్తుంది. మిగిలిన కథ పెద్దపేగులో నడుస్తుంది. పల్లెల్లో గోబర్ గ్యాస్ తొట్టి చూసినవారికి దీన్ని వేరే చెప్పనక్కరలేదు. గాలి చొరబడని చోట పేడను సూక్ష్మజీవులు కుళ్లబెడితే వాయువు పుడుతుంది. చిన్నపేగు అరిగించలేని పిండిపదార్థాలు, పీచు పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా కూడా అదే పని చేస్తాయి. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ పుడతాయి. కొందరి పేగులో మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులూ ఉంటాయి. ఇవి నాలుగు పాళ్ల హైడ్రోజన్‌ను, ఒక పాలు కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకొని ఒక పాలు మీథేన్‌గా మారుస్తాయి. అంటే ఐదు గ్లాసుల వాయువు ఒక గ్లాసుకు కుదించుకుపోతుంది! పేగులో ఇలాంటి పొదుపు జరుగుతోందని మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. ఇక వాసన సంగతి. అది మొత్తం వాయువులో ఒక శాతం కూడా ఉండని గంధక సమ్మేళనాల వల్ల వస్తుంది.

రోజుకు ఎంత పుడుతుంది? 1991లో ఇంగ్లండు పరిశోధకులు పదిమంది ఆరోగ్యవంతులకు మామూలు భోజనంతోపాటు 200 గ్రాముల ఉడికించిన చిక్కుడు గింజలు పెట్టి కొలిచారు. ఒక రోజులో వెలువడిన వాయువు మనిషిని బట్టి సుమారు 475 మిల్లీలీటర్ల నుంచి ఒకటిన్నర లీటర్ల దాకా ఉంది. వీరంతా ఏ జబ్బూ లేనివారు. పీచు లేని ఆహారం ఇస్తే అది 200 మిల్లీలీటర్ల దగ్గరికి పడిపోయింది. వాయువు ఎక్కువా తక్కువా అన్నది విస్తట్లో ఏముందన్న దానిమీద అంతగా ఆధారపడుతుంది.

అక్క నమ్మలేకపోయిన విషయం దీని తర్వాతిది. 1975లో అమెరికాలోని మినియాపోలిస్ వైద్యులు, కడుపుబ్బరంతో బాధపడేవారి పేగుల్లోకి పైనుంచి ఆర్గాన్ వాయువు పంపి, లోపల ఉన్న గ్యాస్‌నంతా కింది నుంచి బయటికి నెట్టించి కొలిచారు. ఏ బాధా లేనివారికీ అలాగే చేశారు. రెండు వర్గాల వారిలోనూ సుమారు 200 మిల్లీలీటర్లే, ఒక చిన్న స్టీలు గ్లాసెడు. తేడా మరోచోట కనిపించింది. మామూలు మనుషులు గుర్తించని ఒత్తిడి కూడా ఈ రోగులకు నొప్పిగా అనిపించింది, వాయువు ముందుకు సాగిపోవడానికి బదులు వెనక్కి జీర్ణాశయంలోకి తన్నింది. అంటే చాలామందిలో కష్టం వాయువు పరిమాణంలో లేదు. దాన్ని కదిలించే తీరులో ఉంది, పేగు నాడుల సున్నితత్వంలో ఉంది.

కానీ పొట్ట కళ్లెదుటే పెరుగుతోందే, అది భ్రమా అని అక్క గట్టిగా నిలదీసింది. భ్రమ కాదు. స్పెయిన్‌లోని బార్సిలోనా పరిశోధకులు ఉబ్బరం లేనప్పుడు, ఉన్నప్పుడు సీటీ స్కాన్‌లు తీసి పోల్చారు. చాలామందిలో పేగుల్లోని వాయువు పెరిగింది కొద్దిగానే. పొట్ట ముందుకు పొడుచుకు రావడానికి కారణం ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానం (డయాఫ్రం) అనే కండరం కిందికి దిగడం, పొట్ట ముందువైపు కండరాలు వదులు కావడం. కడుపు నిండితే ఉదరవితానం పైకి జరిగి చోటివ్వాలి, పొట్ట కండరాలు బిగుసుకోవాలి. వీరిలో అది తలకిందులవుతోంది. ఈ కండరాలను అదుపులోకి తెచ్చుకునే శిక్షణ ఇస్తే ఉబ్బరం తగ్గిందని కూడా వారే చూపించారు. ఉదరవితానం తీరును మార్చే శక్తి 60 లీటర్ల నీటికి ఎక్కడిది?

నిజంగా వాయువే ఎక్కువగా పుడుతున్నవారి సంగతీ చూద్దాం. తొట్టిని కడిగి మళ్లీ పేడ పోస్తే గ్యాస్ ఆగుతుందా? పేగును ఎంత కడిగినా బాక్టీరియా పూర్తిగా పోదు, పోకూడదు కూడా. కొద్ది రోజుల్లో, కొద్ది వారాల్లో మళ్లీ నిండుతుంది. కింది నుంచి ఎక్కించిన నీరు ఒకటిన్నర మీటర్ల పెద్దపేగులో ఏదో మేర వెళుతుందంతే. దానికి పైన దాదాపు ఆరు మీటర్ల చిన్నపేగు ఉంది. అరగనిది అక్కడి నుంచే దిగివస్తుంది. మరునాటి భోజనంతో కథ మొదటికి వస్తుంది.

"ఏళ్లనాటి మలినం" అన్న మాటను ఇంత ధైర్యంగా ఎలా చెబుతారో నాకు అంతుపట్టదు. పెద్దపేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకొకసారి పాత కణాలను రాల్చి కొత్తవి పుట్టించుకుంటుంది. రాలిపోయే గోడకు ఏళ్ల తరబడి పట్టుకొని ఉండేది ఏముంటుంది? కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు పరీక్ష) చేసే వైద్యులు పేగు గోడను రోజూ కళ్లారా చూస్తారు. అది గులాబీరంగులో, తడిగా, నునుపుగా ఉంటుంది. "చూడండి, ఇదిగో మీ లోపలి మురికి" అని చూపించే తాడులాంటి పదార్థం, వాష్‌కు ముందు మింగించే ఇసబ్గోలు, బంకమట్టి కలిసి పేగులో గడ్డకట్టినదే అయి ఉంటుంది.

మలం విషమై ఒంటికెక్కుతుందనే ఊహ 19వ శతాబ్దం చివర యూరప్‌లో బలంగా పాకింది. లండన్ శస్త్రవైద్యుడు ఆర్బత్నాట్ లేన్ మలబద్ధకం పేరుతో ఎందరికో పెద్దపేగునే కోసి తీసేశాడు. ఆ ఊహను కూల్చినవారిలో అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వారెజ్ ముఖ్యుడు. తలనొప్పి, మందకొడితనం వంటివి విషం వల్ల రావని, నిండిన పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) సాగి నాడులను రేపడం వల్ల వస్తాయని 1919లో ఆయన వాదించాడు. 1922లో డొనాల్డ్‌సన్ అనే వైద్యుడు దీన్ని పరీక్షించాడు. కొందరి పురీషనాళంలో శుభ్రమైన దూది కూరితే సరిగ్గా ఆ లక్షణాలే కనిపించాయి, దూది తీయగానే తగ్గిపోయాయి. రక్తంలో నిజంగా విషం ఉంటే దూది తీసిన నిమిషాల్లో ఎలా దిగిపోతుంది? దూదిలో అసలు విషం ఎక్కడుంది? ఇంత సాదా ప్రయోగం ఇంత పెద్ద నమ్మకాన్ని పడగొట్టింది. వందేళ్ల తర్వాత అదే నమ్మకం కొత్త బోర్డు కట్టుకొని మన వీధుల్లో నిలబడటం చూస్తే బాధేస్తుంది.

అయినా చేయించుకున్నవారిలో కొందరు హాయిగా ఉందంటారు. వారు అబద్ధమాడటం లేదు. మలబద్ధకం ఉన్నవారిలో పురీషనాళం నిండి ఉంటే పైనున్న పేగు కదలిక మందగిస్తుంది, వాయువు నిలిచిపోతుంది. ఖాళీ కాగానే తేలికవుతుంది. అక్కడ అవసరమైనది మలబద్ధకానికి వైద్యం. ఆ తేలికదనం కోసం వేలు పోసి గొట్టం పెట్టించుకోనక్కరలేదు.

పోనీ, మేలు లేకపోయినా కీడు లేదు కదా అనడానికీ వీలులేదు. 1978 నుంచి 1980 మధ్య అమెరికాలోని కొలరాడోలో ఒక చికిత్సా కేంద్రంలో పేగులు కడిగించుకున్నవారిలో కనీసం 36 మందికి అమీబా వ్యాధి సోకింది. పదిమందికి పెద్దపేగు తీసేయాల్సి వచ్చింది, వారిలో ఆరుగురు చనిపోయారు. మామూలుగా శుభ్రం చేశాక పరీక్షించినా ఆ యంత్రంలో మల బాక్టీరియా విపరీతంగా దొరికింది. మనకు అమీబా కొత్త కాదు. ఒకరికి వాడిన పరికరం ఇంకొకరికి వాడేచోట ఎలా శుభ్రం చేస్తున్నారో ఎవరు చూస్తున్నారు? గొట్టం పేగుకు చిల్లు పెట్టిన సందర్భాలు, ఒంట్లో సోడియం, పొటాషియం తారుమారైన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి, పేగు వాపు, ముదిరిన మొలలు ఉన్నవారికి ఇది మరింత చేటు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎక్స్‌రే, ఎండోస్కోపీ వంటి పరీక్షలకు ముందు పేగు శుభ్రం చేయడానికే ఈ యంత్రాలను అనుమతించింది.

వెన్నుపాము దెబ్బతిని మలవిసర్జన అదుపు పోయినవారికి వైద్యులు నేర్పే నీటి పద్ధతి వేరు, అది వారికి నిజమైన ఆసరా. శిక్షణ పొందిన ఆయుర్వేద వైద్యుడు చేసే బస్తీ కర్మ (మలద్వారం గుండా ఔషధ ద్రవాన్ని ఎక్కించడం) కూడా వేరు. దాని పరిమాణం, ద్రవ్యాలు, ఉద్దేశం వేరు. ఈ రెండింటి పేరు చెప్పి వాష్‌ను అమ్మడం తగదు.

ఇక అక్క విస్తరి దగ్గరికి వస్తాను. బతుకమ్మ రోజుల్లో బొబ్బర్ల గుడాలు, శనగ గుడాలు ఇంటింటా ఉడుకుతాయి. పప్పుదినుసుల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలున్నాయి. వాటిని విడగొట్టే ఎంజైము మనిషి చిన్నపేగులో లేదు. అందుకే అవి పెద్దపేగుకు చేరి బాక్టీరియాకు పండుగ అవుతాయి. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఉడికిస్తే ఈ చక్కెరలు కొంత తగ్గుతాయి. గుడాలు మానమని నేను చెప్పలేదు. ఆ పీచు, ఆ మాంసకృత్తులు ఆమెకు కావాలి. పాలు మరో కారణం. 1980ల తొలినాళ్లలో జరిగిన ఒక అధ్యయనంలో దిల్లీలో సుమారు నాలుగో వంతు మందికి పాల చక్కెరను అరిగించే శక్తి కొరవడితే, హైదరాబాద్, పుదుచ్చేరిల్లో మూడింట రెండు వంతుల మందికి కొరవడింది. అలాంటివారిలో చాలామందికి పెరుగు పడుతుంది, గ్లాసెడు పాలు పడవు. భోంచేశాక నాలుగు అడుగులు వేయమని మన పెద్దలు చెప్పింది కూడా నిలబడే మాటే. పడుకున్నప్పటి కంటే నిటారుగా ఉన్నప్పుడు, కొద్దిగా కదులుతున్నప్పుడు పేగులోని వాయువు త్వరగా బయటికి సాగుతుందని బార్సిలోనా వారే కొలిచి చూపించారు.

కొన్ని ఉబ్బరాలకు ఆహారం మార్చడం సరిపోదు. బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, వాంతులు, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. యాభై దాటిన స్త్రీకి కొత్తగా మొదలై వారాల తరబడి వదలని ఉబ్బరం అండాశయ క్యాన్సర్‌కు సూచన కావచ్చు. అక్కకు యాభై నాలుగు. అందుకే నేను వాష్ వద్దనడంతో ఆగలేదు, వరంగల్‌కు రమ్మన్నాను.

స్కానింగ్‌లో ఏమీ లేదు. రెండు వారాలుగా తిన్నదీ, ఉబ్బరం వచ్చిన వేళా చిన్న నోటుపుస్తకంలో రాసి తెచ్చింది. డాక్టరమ్మ ఆ పేజీలు తిరగేసి, మందుల చీటీ అడిగారు. మూడు నెలల కిందట అక్కకు షుగరు మాత్ర మార్చి వోగ్లిబోస్ రాశారు. ఆ మందు చిన్నపేగులో పిండిపదార్థాలు చక్కెరగా విడిపోకుండా అడ్డుకుంటుంది. విడిపోనిదంతా పెద్దపేగుకు చేరుతుంది. ఉబ్బరం మొదలైన వారం, ఆ మాత్ర మొదలైన వారం ఒకటే. డాక్టరమ్మ మాత్ర మార్చి, పదిహేను రోజుల తర్వాత అదే నోటుపుస్తకంతో రమ్మన్నారు. అక్క సద్దుల బతుకమ్మకు మాకు గుడాలు కట్టి పంపింది, నీళ్లు పారబోసే వండానని ఫోన్‌లో మరీ చెప్పింది.