ఫ్లైఓవర్ నీడలో నడకదారి: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఫ్లైఓవర్ కింద ఖాళీగా పడి ఉన్న జాగాలో అందమైన నడకదారి వేయాలన్న ఆలోచన ఏ ఊళ్లో వచ్చినా, మాలాంటి రూపకర్తలను పిలిపించి మొదట అడిగేది రంగుల గురించీ, బొమ్మల గురించే. స్తంభాల మీద ఏం గీయిస్తారు, ఏ మొక్కలు పెడతారు, రాత్రిపూట ఏ రంగు దీపాలు వెలుగుతాయి అన్న ప్రశ్నలకే తొలి సమావేశం గడిచిపోతుంది. పైనుంచి వాననీరు ఎక్కడ దిగుతుంది, నడిచేవాళ్లు రోడ్డు దాటి అక్కడికి ఎలా చేరతారు అని అడిగినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఈ రెండింటికీ జవాబు చెప్పని పటం ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ పని రెండు వానాకాలాలకు మించి నిలవడం నేను చూడలేదు. ఈ వృత్తిలో తరచూ వినిపించే నమ్మకాలను, వాటి అసలు సంగతులతో కలిపి కింద రాస్తున్నాను.

అపోహ: పైన వంతెన ఉంది కాబట్టి కింద వాన బెడద ఉండదు.

చూడటానికి గొడుగులా ఉన్నా, వంతెన డెక్ (వాహనాలు నడిచే పైభాగం) నిజానికి వాననీటిని పోగుచేసి ఒకేచోట కిందికి వదిలే పెద్ద పళ్లెం. రెండు స్తంభాల మధ్య 30 మీటర్ల దూరం, 16 మీటర్ల వెడల్పు ఉన్న డెక్ మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే, ఆ ఒక్క భాగం నుంచే 24,000 లీటర్ల నీరు దిగాలి. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఐదు, గంటలో మీ నడకదారి పక్కన ఖాళీ అవుతున్నాయన్నమాట. స్తంభం పక్కనుంచి దిగే గొట్టం ఆ నీటిని భూమిలోపలి కాలువకు చేర్చితే ఇబ్బంది లేదు. మన ఊళ్లలో చాలా గొట్టాలు నేలకు జానెడు ఎత్తులోనే ఆగిపోతాయి.

నేను పనిచేసిన ఒక నగరంలో సరిగ్గా ఇదే జరిగింది. ఆగి ఉన్న గొట్టాలు కంటికి బాగోలేవని, వాటి ముందు ఇటుకలతో పూలతొట్లు కట్టి మట్టి నింపించారు. వద్దని రాసి ఇచ్చాను. ప్రారంభోత్సవం తేదీ ఖాయమైపోయిందని జవాబు వచ్చింది. జూలైలో మొదటి గట్టివానకు గొట్టాల్లోంచి వచ్చిన నీటి ధాటికి తొట్లలోని ఎర్రమట్టి అంతా కొట్టుకొచ్చి, మెరుగుపెట్టిన గ్రానైటు పలకల మీద వేలెడు మందాన పరుచుకుంది. చెప్పులు చేతిలో పట్టుకుని, స్తంభం నుంచి స్తంభానికి చేత్తో ఆనుకుంటూ ఒక పెద్దావిడ ఆ బురద దాటడం చూశాను. ఆ రోజు నుంచి నడకదారికి మెరుగుపెట్టిన రాయిని ఎవరు ప్రతిపాదించినా ఒప్పుకోవడం మానేశాను. గ్రానైటే కావాలంటే మంటతో కాల్చి గరుకు చేసిన పలక వేయాలి. వంతెన కింద నేలను వాన కడగదు కాబట్టి టైర్ల పొడి, నూనె, దుమ్ము కలిసి పలచని పొరగా పేరుకుంటాయని, దాని మీద కాస్త తడి తగిలినా కాలు జారుతుందని గుర్తుంచుకోవాలి.

రెండో నీటి దారి ఇంతకన్నా దొంగది. డెక్ భాగాలు కలిసేచోట ఉండే ఎక్స్‌పాన్షన్ జాయింటులోని రబ్బరు పట్టీ పాడైతే, నీరు స్తంభం తలమీదుగా కారుతుంది. అందుకే పటం గీసే ముందు, వాన వెలిసిన మర్నాడు ఉదయం స్తంభాలన్నిటినీ చూసుకుంటూ నడవడం నాకు అలవాటు. నల్లటి చారలు ఉన్నచోట జాయింటు కారుతోందని, తెల్లటి పొక్కులు ఉన్నచోట కాంక్రీటులోంచి సున్నం బయటికి వస్తోందని అనుమానించాలి. జాయింటు బాగుచేయించకుండా ఆ స్తంభం మీద బొమ్మ వేయించడం తడిగోడకు సున్నం కొట్టడమే.

అపోహ: దారి బాగుంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

ఫ్లైఓవర్ కింది జాగా చాలాచోట్ల రెండు వాహన ప్రవాహాల మధ్య చిక్కుకున్న దీవి. ఆ దీవి మీద ఎంత అందమైన దారి వేసినా, అక్కడికి చేరాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటాల్సి వస్తే, కొన్నాళ్లకు అది నిద్రపోయేవారికీ, బళ్లు నిలిపేవారికీ మాత్రమే మిగులుతుంది. కాబట్టి నా లెక్కలో నడకదారి పని దాని లోపల కాదు, రెండు పక్కల ఉన్న దాటే చోట్ల దగ్గర మొదలవుతుంది.

హైదరాబాద్ లాంటి చోట సిగ్నళ్లు తీసేసి యూటర్నులు పెట్టే పద్ధతి వల్ల చిక్కు మరింత పెరిగింది. ఫ్లైఓవర్ కిందనుంచి తిరిగే ప్రతి వాహనం నడకదారిని అడ్డంగా కోస్తుంది. తిరిగే డ్రైవరు చూపు ఎదురుగా వచ్చే వాహనాల మీద ఉంటుంది. నడిచే మనిషి స్తంభం చాటు నుంచి ఒక్కసారిగా బయటికి వస్తాడు. అలాంటి చోట్ల రోడ్డునే నడకదారి ఎత్తుకు లేపి, వాహనం ఎక్కి దిగేలా చేయాలి. దాటే చోటును స్తంభానికి ఆనించకుండా జరిపి పెట్టాలి. ఆ చుట్టుపక్కల మోకాలి ఎత్తుకు మించిన తొట్టి గానీ, ప్రకటన బోర్డు గానీ, విగ్రహం గానీ ఉండకూడదు. విగ్రహం జరపమని అడిగితే వచ్చే చిక్కులు ఈ వృత్తిలో ఉన్నవారికి తెలుసు కాబట్టి, దాన్ని ముందే ఎక్కడ పెట్టాలో చూపించడం మేలు.

కొలతలు నోటిమాటగా తేల్చేవి కావు. పాదచారుల సౌకర్యాలపై, మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన 103వ సంఖ్య మార్గదర్శకాల ప్రకారం అడ్డంకి లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు, తలపైన ఖాళీ 2.2 మీటర్లు ఉండాలి. కర్బు, అంటే నడకదారి అంచు గట్టు, ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదు. ఇక్కడ ముఖ్యమైన మాట ‘అడ్డంకి లేని’ అన్నది. స్తంభం పునాది గట్టు, బెంచీ ముందు చాచిన కాళ్లు, తొట్టిలోంచి బయటికి వంగిన కొమ్మలు ఇవన్నీ పోగా మిగిలిందే వెడల్పు. కాగితం మీద మూడు మీటర్లు చూపించిన దారులు స్తంభాల దగ్గర మీటరుకు కుంచించుకుపోవడం, చక్రాల కుర్చీ అక్కడే ఆగిపోవడం మామూలైపోయింది. చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపు వాలు 1:12 (పన్నెండు అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు) కంటే నిటారుగా ఉండకూడదు. చూపులేనివారికి దారి చూపే గాడిపలకలు స్తంభానికి గుద్దుకునేలా వేసిన చోట్లు కూడా చూశాను. అంతకంటే అసలు వేయకపోవడమే నయం.

మన దేశంలో ఈ సంగతికి మంచి ఉదాహరణ ముంబయిలోని మాటుంగా. డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ రోడ్డు మీద ఉన్న తుల్పులే ఫ్లైఓవర్ కింద 2016లో నానాలాల్ డి. మెహతా ఉద్యానం తెరుచుకుంది. నర్మదా నది వంపులను తలపించేలా మలిచిన సుమారు 600 మీటర్ల నడకదారి దాని ప్రత్యేకత. అందరూ ఫొటోల్లో ఆ నది వంపునే చూస్తారు. నాకు మాత్రం అంతకుముందు జరిగిన కథ ముఖ్యంగా తోస్తుంది. ఆ జాగా పార్కింగుకూ, అక్రమ వాడకానికీ పోకుండా చుట్టుపక్కల నివాసులు పట్టుబట్టి, నగరపాలక సంస్థ వెంటపడి సాధించుకున్న ఉద్యానం అది. నడిచేవాళ్లు ముందే ఉన్నారు, దారి తర్వాత వచ్చింది. ఆ వంపును మాత్రమే కాపీ కొట్టి, నడిచేవాళ్లు లేని బైపాస్ కూడలిలో వేస్తే మాటుంగా రాదు.

అపోహ: విదేశాల్లో చేసిందాన్ని ఇక్కడ అలాగే చేయవచ్చు.

ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు ఫోనులో టొరంటో బెంట్‌వే ఫొటో చూపిస్తారు. గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వే కింద 2018 జనవరిలో తెరిచిన ఆ స్థలం నిజంగానే గొప్పది. చలికాలంలో జనం స్కేటింగ్ చేసే 220 మీటర్ల మంచుబాట అక్కడ ఉంది. అయితే అక్కడ డెక్ దాదాపు ఐదంతస్తుల ఎత్తులో ఉంటుంది. మన ఫ్లైఓవర్ల కింద వాహనాలకు వదిలే ఖాళీ ఎత్తు సాధారణంగా 5.5 మీటర్లు. ఎత్తు తగ్గి వెడల్పు అలాగే ఉంటే వెలుతురు లోపలికి రాదు, మోత బయటికి పోదు. పైగా బెంట్‌వేకు 2015లో ఒక దాత కుటుంబం ఇచ్చిన రెండున్నర కోట్ల కెనడా డాలర్లు, రోజువారీ నిర్వహణకు ప్రత్యేక సంస్థ ఉన్నాయి. ఫొటోలో ఈ రెండూ కనిపించవు.

మన ఎత్తులకు దగ్గరగా ఉన్న నమూనా కావాలంటే నెదర్లాండ్స్‌లోని కోఖ్ ఆన్ డే జాన్ ఊరిని చూడమంటాను. అక్కడ ఏ8 రహదారి సుమారు ఏడు మీటర్ల ఎత్తు స్తంభాల మీద ఊరిని రెండుగా చీల్చింది. ఎన్‌ఎల్ ఆర్కిటెక్ట్స్ అనే రూపకర్తల సంస్థవాళ్లు దాని కింద సూపర్‌మార్కెట్టు, పూల దుకాణం, చేపల దుకాణం పెట్టించారు. దుకాణం తెరిచి ఉన్నంతసేపు అక్కడ మనుషుల చూపు ఉంటుంది. మన దగ్గర తోపుడుబండివాణ్ణి తరిమేసి, తర్వాత కాపలాదారును జీతానికి పెట్టుకుంటాం.

అపోహ: దీపాలు ఎక్కువ పెడితే భయం పోతుంది.

రాత్రి చీకటి గురించి అందరూ మాట్లాడతారు గానీ వంతెన కింద అసలు ఇబ్బంది మిట్టమధ్యాహ్నం. బయట ఎండలో వెలుతురు సుమారు లక్ష లక్సులు (లక్సు వెలుతురు కొలమానం) ఉంటే, డెక్ కింద కొన్ని వందలే ఉంటుంది. ఎండలోంచి లోపలికి అడుగుపెట్టిన మనిషికి కొన్ని క్షణాలు ఎదురుగా ఉన్నది గుంటో మెట్టో తెలియదు. అందువల్ల ప్రవేశాల దగ్గర పగలు కూడా వెలుతురు కావాలి. దీనికి నేను వాడే చవకైన ఉపాయం అంచుల వెంబడి లేతరంగు నేల వేయడం. దాని మీద పడిన ఎండ పైకి తిరిగి డెక్ అడుగును వెలిగిస్తుంది.

రాత్రివేళ దీపాల సంఖ్య కన్నా సమంగా పడటం ముఖ్యం. రెండు మెరుపు గుంటల మధ్య ఒక చీకటి గుంట ఉండేకన్నా, అంతటా ఓ మోస్తరు వెలుతురు ఉండి, ఎదురుగా వచ్చే మనిషి ముఖం పోల్చుకోగలిగితే చాలు. రంగులు మారే దీపాల కింద ముఖం తెలియదు, పక్కన వెళ్లే డ్రైవరు కళ్లు కూడా చెదురుతాయి. రంగును తెలివిగా వాడిన చోటు చెప్పమంటే హ్యూస్టన్‌లో ఫ్రీవేల కిందుగా సాగే సబీన్ ప్రామెనేడ్ పేరు చెబుతాను. 2006లో తెరిచిన ఆ బాటలో దీపాలు పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నీలంగా ఉండేలా చంద్రకళలతో పాటు మెల్లగా మారతాయి. నిమిషానికో రంగు కాదు, పక్షానికో రంగు.

అపోహ: నీడమొక్కలు పెడితే చూసుకోనక్కర్లేదు.

నీడమొక్కకు నీడ ఇబ్బంది కాదు, వాన లేకపోవడం ఇబ్బంది. వంతెన కింద నేల ఆగస్టులో కూడా ఎండుమట్టే. ఆకుల మీద పేరుకున్న దుమ్మును కడిగే చినుకు రాదు కాబట్టి డ్రిప్పుతో పాటు ఆకులు కడిగే పైపు, దానికొక కుళాయి పటంలోనే ఉండాలి.

ఎండ ఎంతవరకు వస్తుందో లెక్క కట్టవచ్చు. హైదరాబాద్ అక్షాంశంలో తూర్పు పడమరలుగా సాగే ఫ్లైఓవర్ అడుగు ఆరు మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, డిసెంబరు చివర మధ్యాహ్నం ఎండ దక్షిణపు అంచు నుంచి ఐదు మీటర్ల లోపలికి వస్తుంది. జూన్ మధ్యాహ్నం ఉత్తరపు అంచు నుంచి దాదాపు అరమీటరే వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా సాగేదానికి పొద్దున ఒకవైపు, సాయంత్రం మరోవైపు ఎండ తగులుతుంది. ఈ లెక్క వేయకుండా రెండు వైపులా ఒకే మొక్క నాటించడం వల్లే ఒక వరుస పచ్చగా, ఒక వరుస పీలగా కనిపిస్తుంది. మధ్యభాగంలో సింగోనియం, స్నేక్ ప్లాంట్ లాంటివి ఓర్చుకుంటాయి. పచ్చిక మాత్రం ఎక్కడా వద్దు.

మొక్కల వరుస ట్రాఫిక్ మోతను ఆపుతుందన్నది కూడా వట్టిమాట. ఆకుల సందుల్లోంచి మోత హాయిగా వచ్చేస్తుంది. నడుము ఎత్తు గట్టిగోడ కొంత పనిచేస్తుంది. బెంచీలను సిగ్నల్ దగ్గర ఇంజన్లు ఆపకుండా నిలిచే వాహనాల పక్కన కాక, వాటికి దూరంగా వేయాలి.

అపోహ: స్తంభాలకు రాయి, టైల్స్ తొడిగితే వంతెనకు రక్షణ.

వంతెన ఇంజనీరు స్తంభాన్ని, డెక్‌ను మోసే దూలాలైన గడ్డర్లను కంటితో చూసి పగుళ్లు పట్టుకోవాలి. పలకలు తొడిగితే ఆ పగులు కనిపించదు. పలక వెనక చేరిన తడి లోపలి ఇనుమును తినేస్తుంది. స్తంభానికి నిలువుతోట వేలాడదీసినా అదే జరుగుతుంది, రోజూ నీరు పడుతుంది కాబట్టి ఇంకా త్వరగా. గడ్డర్లకు దీపం బిగించడానికి రంధ్రం వేయడం మరీ ప్రమాదం. లోపల బిగించి లాగిన ఉక్కు తీగలు ఉంటాయి, డ్రిల్లు పట్టుకున్న కుర్రాడికి అవి ఎక్కడున్నాయో తెలియదు. దీపాలకు వేరే కంభాలు వేయాలి. అలంకరణ తొడుగు కావాలనుకుంటే స్తంభానికి తగలకుండా, నేల మీద తన కాళ్లపై తానే నిలిచి, విప్పి పక్కన పెట్టగలిగే చట్రంగా చేయాలి. డెక్ కింద, స్తంభం తలమీద దాని బరువును మోసే బేరింగులనే దిమ్మెలను ఎప్పటికైనా జాకీలతో డెక్ లేపి మార్చాల్సి వస్తుంది. ఆ జాకీలు, బండి వచ్చేందుకు స్తంభం చుట్టూ చోటు వదలాలి.

రంగే వేయాలనుకుంటే ఆయిల్ పెయింటు కాకుండా కాంక్రీటును ఊపిరి పీల్చనిచ్చే రంగు ఎంచుకోవాలి. ఇంకొక చిన్న మాట. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచాక, దాని కింద ఉండేవాళ్లకు స్తంభం మీది అంకే చిరునామా అయిపోయింది. పెళ్లి శుభలేఖలోనూ, డెలివరీ కుర్రాడికి చెప్పే గుర్తులోనూ ‘ఫలానా పిల్లర్ నంబరు ఎదురుగా’ అనే ఉంటుంది. చిత్రకారుడు నెమలి గీసినా, ఏనుగు గీసినా, ఆ అంకె ఉన్న చదరాన్ని టేపు అంటించి వదిలేయమని మొదటిరోజే చెప్పండి.