ఒకసారి పట్టి ఒకసారి పట్టని బ్రేకు: పాత కార్ల విషయంలో అపోహలు - వాస్తవాలు

"నిన్న అస్సలు పట్టలేదన్నా, ఇవాళేమో బాగానే ఉంది" అంటూ షెడ్డుకు వచ్చే బండికే మాకు ఎక్కువ టైమ్ పడుతుంది. పూర్తిగా ఫెయిలైన బ్రేకైతే ఎక్కడో ఆయిల్ కారుతూనో, ఏదో విరిగో కనిపిస్తుంది. వచ్చిపోయే సమస్య మా ముందుకు వచ్చేసరికి మాయమవుతుంది. పది పదిహేనేళ్లు దాటిన మారుతీ 800లు, ఆల్టోలు, శాంత్రోలు, ఇండికాలు నడిపేవాళ్ల దగ్గర తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బ్రేకు సరిగా పట్టకపోతే ప్యాడ్లు మార్చేస్తే సరిపోతుంది.

ప్యాడ్లు అరిగిపోతే ఆ లోపం రోజూ ఉంటుంది. సోమవారం ఉండి మంగళవారం పోదు. వచ్చిపోయే లోపం వెనక ఏదో ఒక పరిస్థితి ఉంటుంది. బండి వేడెక్కాక వస్తోందా, పొద్దున్నే మొదటిసారి తొక్కినప్పుడా, వానలోనా, గతుకుల రోడ్డు దాటాకా, మెల్లగా తొక్కితేనా, గట్టిగా తొక్కినా కూడానా? చాలామంది వీడియోలు చూసి పార్టు పేరు పట్టుకొస్తారు. నాకు పార్టు పేరు అక్కర్లేదు, ఎప్పుడు వస్తోందో చెబితే చాలు.

అపోహ: ఆయిల్ తగ్గలేదు, ఎక్కడా కారట్లేదు. కాబట్టి మాస్టర్ సిలిండర్ బాగున్నట్టే.

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. మాస్టర్ సిలిండర్‌ అంటే పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే గొట్టం. దాని లోపల పిస్టన్ మీద రబ్బరు కప్పులు ఉంటాయి. అవి అరిగితే ఆయిల్ బయటికి రాదు, లోపల్లోపలే కప్పును దాటుకుని వెనక్కి జారుతుంది. డబ్బాలో లెవెల్ అలాగే ఉంటుంది. సిగ్నల్ దగ్గర పెడల్‌ను తేలిగ్గా నొక్కి పట్టుకుంటే అది మెల్లమెల్లగా కిందికి దిగుతుంది. గట్టిగా తొక్కితే మాత్రం నిలబడుతుంది, ఎందుకంటే ప్రెజర్ పెరిగితే కప్పు అంచు సిలిండర్ గోడకు గట్టిగా అతుక్కుంటుంది. టెస్ట్ డ్రైవ్‌లో సడన్ బ్రేక్ కొట్టి చూసి "ఏమీ లేదు సార్" అని బండి తిరిగిచ్చేది అందుకే. బండి ఆపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, పాదం బరువు మాత్రమే పెట్టి ఒక నిమిషం ఆగండి. పెడల్ దిగుతూ పోతే అనుమానించాల్సింది మాస్టర్ సిలిండర్‌నే. ఇంజన్ స్టార్ట్ చేసిన క్షణంలో పెడల్ కాస్త దిగడం వేరే సంగతి, అది బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో మన తొక్కుకు బలం కలిపే డబ్బా) పనిచేస్తోందనడానికి గుర్తు.

ఆయిల్ తగ్గుతోంది, నాలుగు చక్రాల దగ్గరా తడి లేదు అంటే మాస్టర్ సిలిండర్‌ను బూస్టర్ నుంచి విప్పి మధ్యలో చూడాలి. వెనక సీల్ పోతే ఆయిల్ నేరుగా బూస్టర్‌లోకి వెళ్తుంది, కింద చుక్క కూడా పడదు.

"బ్లీడింగ్ (లైన్లో గాలి తీయడం) చేయించాకే మొదలైంది" అని మెకానిక్‌ను తిట్టుకునేవాళ్లూ ఉన్నారు. అందులో కొంత నిజముంది. మామూలుగా పిస్టన్ సగం దూరమే కదులుతుంది. ఆ అవతలి భాగంలో ఏళ్ల తరబడి తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కితే కప్పులు ఆ గరుకు మీదికి వెళ్లి కోసుకుపోతాయి. పాత బండికి బ్లీడింగ్ చేసేటప్పుడు నేను పెడల్ కింద చెక్క ముక్క పెడతాను. లోపల గుంటలు పడ్డ సిలిండర్‌కు కిట్టు (రబ్బరు కప్పులు మాత్రమే) వేయడం కూడా నాకు ఇష్టం ఉండదు. కొత్త సిలిండర్ సెట్టే వేయించుకోండి.

అపోహ: రెండోసారి తొక్కితే పెడల్ పైకి వస్తోందంటే లైన్లో గాలి ఉన్నట్టే.

గాలి ఉంటే పెడల్ పైకి వచ్చినా మెత్తగానే ఉంటుంది. రెండోసారి ఎత్తుగా, గట్టిగా నిలబడితే మొదట వెనక చక్రాల డ్రమ్ముల్లో షూల (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే పట్టీల) గ్యాప్ చూడాలి. హ్యాండ్‌బ్రేక్ కొద్దిగా లాగి పెడల్ తొక్కండి. మొదటిసారికే పైన నిలబడితే వెనక అడ్జస్టర్ (షూల గ్యాప్ సరిచేసేది) జామ్ అయి షూలు దూరంగా ఉండిపోయాయన్నమాట. ఎన్నిసార్లు గాలి తీసినా అది బాగుపడదు. గతుకుల రోడ్డు తర్వాతో, పెద్ద మలుపు తర్వాతో మాత్రమే మొదటి తొక్కు కిందికి పోతే వీల్ బేరింగ్ లూజు చూడండి. డిస్కు అటూ ఇటూ ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది.

అపోహ: కొండ దిగేటప్పుడు బ్రేకు మెత్తబడటం మామూలే, చల్లారితే సర్దుకుంటుంది.

చల్లారితే సర్దుకోవడమే ఇక్కడ మోసం. తిరుమల నుంచి పాత ఘాట్‌రోడ్డులో దిగుతూ మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతుంటే ఆ వేడి క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) దాటి ఆయిల్‌కు చేరుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు చేరాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవి 230, 155. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ తొక్కితే అవి నలుగుతాయి తప్ప ప్రెజర్ చక్రానికి చేరదు. అలిపిరి దగ్గర టీ తాగే లోపు ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది, పెడల్ ఎప్పటిలాగే ఉంటుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలనేది ఇందుకే. రంగు చూసి నీటి సంగతి చెప్పలేం. పెడల్ పైనే గట్టిగా ఉండి బండి ఆగకపోతే అది వేరు, అక్కడ వేడికి పట్టు తప్పింది ప్యాడ్లు. రెండింటికీ మందు రెండో గేరులో దిగడమే. పెట్రోలు కలిసొస్తుందని ఇంజన్ ఆపి దిగేవాళ్లకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ బాగా గట్టిపడుతుంది, చాలా బలంగా తొక్కాల్సి వస్తుంది.

అపోహ: ఒక చక్రం పట్టేసి వేడెక్కుతోందంటే క్యాలిపర్ పోయింది.

కావచ్చు, కాకపోవచ్చు. చక్రం పట్టేసి ఉన్నప్పుడే, వేడి తగ్గకముందే చూడాలి. జాకీ ఒక్కటే నమ్మకుండా స్టాండ్ పెట్టి బండి లేపి, ఆ చక్రం దగ్గర గాలి తీసే నిపుల్ కొద్దిగా లూజ్ చేయాలి. ఆయిల్ చిమ్మినా చక్రం తిరగకపోతే పిస్టన్, లేదా క్యాలిపర్ జరిగే స్లైడ్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. చక్రం వదిలితే లోపల ప్రెజర్ చిక్కుకుపోయిందని అర్థం. మళ్లీ పట్టేసినప్పుడు ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు లూజ్ చేయాలి. అక్కడ వదిలితే లోపం పైనే ఉంది: మాస్టర్ సిలిండర్లో ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోవడమో, పిస్టన్‌ను నెట్టే పుష్ రాడ్‌కు ఆట లేకపోవడమో. అక్కడా వదలకపోతే రబ్బరు హోసు. పైకి నున్నగా కనిపించే పాత హోసు లోపలి పొర ఊడి అడ్డం పడుతుంది, తొక్కినప్పుడు ఆయిల్‌ను పోనిస్తుంది, వదిలాక తిరిగి రానివ్వదు. హోసులు మారిస్తే రెండు పక్కలా కలిపి మార్చండి, పెద్ద ఖర్చు కాదు.

అపోహ: ఆయిల్ ఏదైనా ఆయిలే.

కాదు. ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో కొంచెం పడినా రబ్బరు సీళ్లన్నీ ఉబ్బుతాయి. వెంటనే ఏమీ తెలియకపోవచ్చు, కొన్నాళ్లకు బ్రేకులు పట్టేయడం మొదలవుతుంది. అప్పుడు రబ్బరు ఉన్న ప్రతి పార్టూ మార్చాలి.

అపోహ: స్కానర్ పెడితే తెలిసిపోతుంది.

మన దగ్గర కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసేది) తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు బండ్లలో చాలావాటికి అది లేదు, స్కానర్‌కు బ్రేకు గురించి చెప్పడానికేమీ ఉండదు. ఉన్నవాటిలో కూడా అది చక్రం పేరు చెబుతుంది తప్ప సెన్సార్ పోయిందా, వైరు లోపల తెగిందా అనేది చెప్పదు. బండి ఆగబోయే ముందు మెల్లటి స్పీడులో పెడల్ కాలి కింద గరగరలాడితే చక్రం సెన్సార్ వైరును సస్పెన్షన్ దగ్గర కదిపి చూడాలి.

ఇవన్నీ విప్పే ముందు డ్రైవర్ కాళ్ల కింది మ్యాట్ తీసేయండి. ఒకదాని మీద ఒకటి వేసిన మందపాటి మ్యాట్లు ముందుకు జరిగి పెడల్ కింద మడత పడతాయి, సీటు కింది నీళ్ల బాటిల్ దొర్లి అక్కడే ఇరుక్కుంటుంది. బండి షెడ్డుకు వచ్చే లోపు రెండూ వాటంతటవే పక్కకు జరిగి ఉంటాయి.