కంప్యూటర్లో దోమలు, చేపలు, కణాలు: మా పని మీద అపోహలు, అసలు సంగతులు

ఫిషింగ్ హార్బర్‌లో నేను ఎప్పుడూ చేపలు కొనే ఆవిడ ఒకరోజు నీ ఉద్యోగమేంటని అడిగింది. జబ్బులూ చేపలూ ఒంట్లో కణాలూ ఎలా పెరుగుతాయో, ఎందుకు తగ్గుతాయో కంప్యూటర్లో లెక్కగట్టే పని అని చెప్పాను. "ఏటమ్మా, కంప్యూటర్లో సేపలు పడతన్నావేటి?" అని చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా నవ్వింది. నాకేం కోపం రాలేదు, ఎందుకంటే మా చుట్టాలు అనుకునేదానికంటే ఆ మాటే అసలు పనికి దగ్గర. చుట్టాల దృష్టిలో నేను మందులు కనిపెట్టేస్తున్న సైంటిస్టుని, లేకపోతే వచ్చే నెల మన కాలనీకి డెంగీ వస్తుందో రాదో చెప్పాల్సిన జ్యోతిష్కురాలిని.

ఇన్నేళ్లుగా వింటున్న మాటల్లో కొన్నింటికి జవాబు రాస్తున్నా. వరుసంటూ ఏమీ లేదు, ఎక్కువ చిరాకు పెట్టినవి ముందు. కింద మోడల్ అన్నప్పుడల్లా ఇలా లెక్కగట్టే సమీకరణాల కట్ట అనుకోండి.

అపోహ: మోడల్ అంటే జోస్యం. తప్పితే పనికిరాదు.

2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటుతుందని రోజుల ముందే చెప్పారు, అక్టోబర్ 12న అలాగే దాటింది, మరి జ్వరాలు ఎన్ని వస్తాయో మీరెందుకు చెప్పలేరని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ తుఫాను టీవీ చూడదు. జ్వరాలు పెరుగుతాయని పేపర్లో వస్తే జనం దోమతెరలు దింపుతారు, డ్రమ్ముల్లో నీళ్లు పారబోస్తారు, ఫాగింగ్ బండి వీధుల్లోకి వస్తుంది, దాంతో జ్వరాలు తగ్గుతాయి, చివరికి "మీ లెక్క తప్పింది" అని మమ్మల్నే అంటారు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఒక రోగి నుంచి సగటున 1.2 మందికి జబ్బు అంటుకుంటోందనుకుందాం. పది విడతలు గడిచేసరికి, పదో విడతలో ఒక్కరు కాస్తా ఆరుగురు అవుతారు. అదే 1.3 అయితే దాదాపు పద్నాలుగు మంది. ఆ 0.1 తేడాని మొదటి వారాల్లో ఎవరూ కచ్చితంగా కొలవలేరు. అందుకే ఇన్ని కేసులు వస్తాయని ఒకే అంకె చెప్పేవాళ్లను నేను నమ్మను. మోడల్‌ని అడగాల్సిన ప్రశ్న వేరు: ఇది చేస్తే ఏమవుతుంది, అది మానేస్తే ఏమవుతుంది?

ఈ పద్ధతికి మన పక్కనే పాత ఉదాహరణ ఉంది. రోనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని బడిపిల్లలకూ తెలుసు. ఆ తర్వాత ఆయన లెక్కల్లో పడ్డాడన్నది చాలామందికి తెలియదు. దోమల్ని తగ్గిస్తే మలేరియా పోతుందని ఆయనంటే, లోకంలో దోమలన్నిటినీ చంపడం అయ్యే పనేనా అని జనం కొట్టిపారేశారు. అన్నిటినీ చంపక్కర్లేదు, మనుషుల లెక్కన చూస్తే దోమల సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, జబ్బు తనంతట తనే ఆరిపోతుందని ఆయన సమీకరణాలతో చూపించాడు. ఫలానా ఏడాది ఇంతమందికి జ్వరమొస్తుందని ఆ లెక్క చెప్పలేదు. చేతనయ్యే పని ఏదో చెప్పింది.

అపోహ: డేటా ఎంత ఎక్కువుంటే మోడల్ అంత బాగా వస్తుంది.

ఈ మాట నేనూ నమ్మేదాన్ని. ఒక ఏడాది వానలు వెనకబట్టాక నగరంలో ఓ పెద్ద ఆసుపత్రి నుంచి జ్వరాల రికార్డులు దొరికాయి, వేలల్లో, అడ్రస్‌లతో సహా. మ్యాప్ మీద పెట్టి మోడల్ నడిపితే సరిగ్గా ఆ ఆసుపత్రి చుట్టూ ఉన్న నాలుగైదు వీధుల్లో ఎర్రగా మండిపోతోంది. మేం కథలు అల్లడం మొదలుపెట్టాం. అక్కడ డ్రైనేజీ బాలేదు, సగం కట్టి వదిలేసిన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో నీళ్లు నిలుస్తున్నాయి, కొబ్బరిబొండాల బళ్లు ఎక్కువ. అన్నీ నిజాలే, కానీ అవి విశాఖలో ఏ వీధికైనా అతుకుతాయి. మూడు వారాలు ఆ కథల మీదే గడిపాం, స్లైడ్లు కూడా చేసుకున్నాం. చివరికి అక్కడ రికార్డులు రాసే గుమస్తాని వేరే పని మీద కలిస్తే మామూలుగా చెప్పేశాడు: "మేడమ్, ఫారంలో వార్డు నంబర్ లేకపోతే సిస్టమ్ తీసుకోదు. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చినవాళ్లకి వార్డు నంబర్ ఎక్కడిది? రోగితో వచ్చినవాళ్లు దిగిన గదో, చుట్టాలిల్లో రాసేస్తాం."

మేం కనిపెట్టింది దోమల కేంద్రాన్ని కాదు, లాడ్జీల కేంద్రాన్ని. రికార్డులు పదింతలున్నా అదే తప్పు ఇంకా గట్టిగా, ఇంకా నమ్మకంగా చెప్పేవాళ్లం. మొదటిరోజే వెళ్లి ఆ ఫారం ఎలా నింపుతున్నారో చూడకపోవడం మా తప్పు. ఇప్పుడు మా టీంలో కొత్తగా చేరిన ఎవరైనా కోడ్ ముట్టుకునే ముందు ఆ అంకెలు పుట్టే చోట ఒక పూట కూర్చోవాలి. కొందరు గొణుక్కుంటారు, గొణుక్కోనీ.

అపోహ: గ్రాఫ్ సరిగ్గా కూర్చుందంటే మోడల్ నిజమైనట్టే.

అంటువ్యాధుల లెక్కలు చదివేవాళ్లు ముందుగా నేర్చుకునేది కెర్మాక్, మెకెండ్రిక్ 1927లో రాసిన సమీకరణాలు. మెకెండ్రిక్ మన దేశంలో డాక్టరుగా పనిచేసినవాడే, రాస్ ప్రభావంతో లెక్కల్లోకి దిగినవాడు. ఆ వ్యాసంలో 1905-06 బొంబాయి ప్లేగు మరణాల గ్రాఫ్ ఉంది. వారంవారం చావుల చుక్కలు, వాటి మీదుగా సమీకరణం గీసిన గీత, రెండూ ముచ్చటగా కలుస్తాయి. చిక్కేమిటంటే, ఆ లెక్క జబ్బు మనిషి నుంచి మనిషికి అంటుతుందని అనుకుంటుంది. బొంబాయి ప్లేగు ప్రధానంగా ఎలుకల మీది గోమార్ల (ఫ్లీ అనే గెంతే పురుగుల) వల్ల వచ్చింది. వాటి పెరుగుదల వేడి మీద, తేమ మీద ఆధారపడుతుంది. వేసవి ముదిరితే అవి తగ్గుతాయి, ప్లేగూ తగ్గుతుంది. ఎలుకా గోమారూ ఎండా ఏవీ లేని లెక్క కూడా చుక్కల మీద చక్కగా కూర్చుంది! ఆ ఇద్దరూ దీన్ని ఉజ్జాయింపుగానే తీసుకోవాలని అక్కడే ఒప్పుకున్నారు, పెద్దవాళ్లు. ఇప్పుడు మాలో కొందరికి ఆ ఓపిక ఉండటం లేదు. గీత కలిసిందా, పేపర్ పంపేశామా, అంతే.

గీత కలవకపోతే మాత్రం మోడల్ ఎక్కడో తప్పని కాస్త గట్టిగా చెప్పొచ్చు. కలిస్తే ఇంకా ఏ మోడళ్లు కలుస్తాయో వెతకాలి. పని అక్కడ మొదలవుతుంది.

అపోహ: వివరాలు ఎన్ని కలిపితే అంత నిజమైన మోడల్.

ఇక చేపల దగ్గరికి వద్దాం. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఏడ్రియాటిక్ సముద్రంలో వేట తగ్గిపోయింది. అలాంటప్పుడు చేపలన్నీ ఒకేలా పెరగాలి కదా? రేవులకొచ్చిన సరుకు లెక్కలు చూస్తే సొరల్లాంటి వేటాడే చేపల వాటా పెరిగి ఉంది. విటో వోల్టెరా అనే ఇటలీ గణితవేత్తని ఆయన కాబోయే అల్లుడే ఈ ప్రశ్న అడిగాడు. 1926లో వోల్టెరా రాసిన జవాబులో ఉన్నవి రెండే సమీకరణాలు, తినే చేపకొకటి, తినబడే చేపకొకటి. అలల్లేవు, ఉప్పు లేదు, చేపల పేర్లు కూడా లేవు. మనిషి వేట రెండింటినీ దెబ్బకొడుతుంది, కానీ సగటున నష్టపోయేది తినే చేప, తినబడేదానికి లాభమే, కాబట్టి వేట తగ్గితే సొరలు లాభపడతాయని ఆ రెండు సమీకరణాలు చెప్పాయి.

ఈ సంగతి హార్బర్‌లో ఆవిడకి చెబితే, అయితే మా రెండు నెలల నిషేధం సొరల కోసమా అంది. కాదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టింది. వోల్టెరా లెక్కలో గుడ్లు పెట్టే కాలమన్నదే లేదు, కాబట్టి ఆ లెక్క పట్టుకుని మన నిషేధం మంచిదో చెడ్డదో అనకూడదు. ఏ ప్రశ్నకి ఏ వివరం కావాలో తేల్చుకోవడమే ఇందులో నేర్పు. వైవాక్స్ మలేరియానే చూడండి, ఆ పరాన్నజీవి కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. అందుకే ప్రైమాక్విన్ అనే మందు 14 రోజులు ఇస్తారు, జ్వరం తగ్గిందని జనం మధ్యలోనే మానేస్తారు. ఏజెన్సీలో పనిచేసి వచ్చిన మనిషికి విశాఖ నడిబొడ్డున సీతమ్మధారలో కూర్చుని ఉండగా మళ్లీ చలిజ్వరం వస్తే కొత్త దోమ కుట్టి ఉండక్కర్లేదు. ఈ నిద్ర అనే దశ లేకుండా వైవాక్స్ మోడల్ రాస్తే దండగ. దోమ రెక్క పొడవు లేకపోయినా పర్వాలేదు.

అన్ని వివరాలూ పెట్టి చూసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2012లో మైకోప్లాస్మా జెనిటాలియం అనే బుల్లి బాక్టీరియాని మొత్తంగా కంప్యూటర్లో నడిపారు. దానికున్నవి 525 జన్యువులు, కణంలో జరిగే పనుల్ని విడివిడిగా లెక్కగట్టే ముక్కలు మోడల్‌లో 28. ప్రోటీన్లు తయారుచేసే జన్యువులే మనిషికి 20 వేల దాకా ఉన్నాయి. ఎవరైనా "మొత్తం మనిషిని సిమ్యులేట్ చేశాం" అంటే టీ తాగించి పంపించండి.

అపోహ: సూపర్ కంప్యూటర్ కావాలి.

నరంలో విద్యుత్తు ఎలా పరిగెడుతుందో చెప్పే హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సమీకరణాలు 1952లో వచ్చాయి, 1963లో నోబెల్ తెచ్చిపెట్టాయి. ఆ లెక్కలు హక్స్‌లీ చేత్తో తిప్పే యంత్రం మీద చేశాడు. నా పనిలో చాలాభాగం పాత ల్యాప్‌టాప్‌లోనే అయిపోతుంది. అణువుల కదలికలు చూడాలంటే తప్ప పెద్ద మెషీన్ జోలికి పోను.

అపోహ: ఏఐ వచ్చేసింది, ఇక మీ పని అయిపోయింది.

ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ గొప్పదే, కాదనను. 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాలు ఊహించి పెట్టింది, 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా తెచ్చింది. కానీ అది నేర్చుకున్నది లోకమంతా ప్రయోగశాలల్లో చెమటోడ్చి తేల్చి, 1971 నుంచి ఒకచోట పోగేసిన ఆకారాల నుంచి. ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలిపడగలదో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం 1963లో గీసిన పటం ఇప్పటికీ కొత్త ఆకారాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి వాడతాం. పైగా ఆకారం ఫొటో లాంటిది. పెళ్లి ఫొటో చూసి కాపురం ఎలా సాగుతోందో చెప్పగలమా? కణంలో ఏ ప్రోటీన్ ఎప్పుడు ఎంత తయారవుతోంది, ఏది దేన్ని ఆపుతోంది అన్నది ఫొటోలో ఉండదు. మా సమీకరణాలు ఆ కాపురం గురించే.

అపోహ: కంప్యూటర్లో అయిపోతే ల్యాబ్ అక్కర్లేదు.

అరుదుగా కొంతవరకు నిజం. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ల ఒంట్లో గ్లూకోజ్ ఎలా మారుతుందో చూపే ఒక సిమ్యులేటర్‌ని 2008లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అంగీకరించింది. ఇన్సులిన్ తానే సరిచేసే పరికరాలను మనుషుల మీద పరీక్షించే ముందు కొన్ని జంతు ప్రయోగాల బదులు దాన్ని వాడొచ్చంది. దాని వెనకున్నది మనుషుల మీద ఏళ్ల తరబడి చేసిన కొలతలే. కొత్త మందుల విషయంలో మేం చేసేది జల్లెడ పట్టడం. లక్ష పదార్థాల్లో ఏ వందతో మొదలుపెట్టాలో చెబుతాం, ఆ వందలో చాలావాటిని ల్యాబ్ మళ్లీ తీసి పారేస్తుంది.

అపోహ: ఇది ఎంపీసీ వాళ్ల పని, బైపీసీ వాళ్లకి రాదు.

మా దగ్గర బాగా పనిచేస్తున్నవాళ్లలో సగం మంది జువాలజీ, మైక్రోబయాలజీ నుంచి వచ్చినవాళ్లే. సమీకరణం తప్పయితే ఎవరైనా సరిదిద్దుతారు, "ఈ దోమ రాత్రి కుట్టదు మేడమ్" అని చెప్పేవాళ్లు కావాలి.

నమ్మకపోతే ఎక్సెల్ తెరవండి. మూడు నిలువు వరుసలు: ఇంకా జబ్బు రానివాళ్లు 999, ఉన్నవాళ్లు 1, తగ్గినవాళ్లు 0. రోజూ కొత్తగా పడేవాళ్లు ఎంతమందంటే, రానివాళ్లని ఉన్నవాళ్లతో హెచ్చించి, వెయ్యితో భాగించి, 0.4తో హెచ్చించండి. తగ్గేవాళ్లు, ఉన్నవాళ్లలో 0.2 వంతు. కొత్తగా పడేవాళ్లని మొదటి వరుసలోంచి తీసి రెండోదానికి, తగ్గేవాళ్లని రెండోదానిలోంచి తీసి మూడోదానికి కలిపితే మర్నాటి అంకెలు వస్తాయి. రెండు వందల రోజులు కిందికి లాగండి. చివర్లో సుమారు రెండు వందల మందికి జబ్బు రాకుండానే అంతా సద్దుమణిగిపోతుంది. వాళ్లకి టీకా ఎవరూ వేయలేదు, ఇల్లు కదలకుండా కూర్చోమని చెప్పలేదు, మరి ఎలా తప్పించుకున్నారు? ఇప్పుడు 0.4 తీసి 0.3 పెట్టండి. తప్పించుకునేవాళ్లు దాదాపు నాలుగు వందలవుతారు. ఎందుకో పట్టుకోవడానికి ఇంటర్ లెక్కలు కూడా అక్కర్లేదు. వరుసలో ఏ రోజు నుంచి కొత్తవాళ్ల కంటే తగ్గేవాళ్లు ఎక్కువయ్యారో చూసి, ఆ రోజు జబ్బు రానివాళ్లు ఎంతమంది మిగిలి ఉన్నారో లెక్కపెట్టండి.