టెక్నీషియన్ ఖాళీగా ఉంటే నష్టమా? సర్వీస్ సిమ్యులేషన్‌పై అపోహలు - వాస్తవాలు

లిఫ్టులు, జనరేటర్లు సర్వీస్ చేసే కంపెనీలకు సిమ్యులేషన్ మోడళ్లు తయారుచేయడం నా పని. బ్రేక్‌డౌన్లు, టెక్నీషియన్లు, స్టోర్‌లో స్పేర్ పార్టులు, ట్రాఫిక్‌లో పోయే టైం అన్నీ కంప్యూటర్‌లో పెట్టి, కొన్నేళ్ల సర్వీసును నిమిషాల్లో నడిపి చూస్తాం.

అపోహ: టెక్నీషియన్ ఖాళీగా కూర్చుంటే జీతం దండగ.

వాస్తవం: మేనేజర్లు చివరిదాకా వదలని నమ్మకం ఇదే. ఒకే టెక్నీషియన్ ఉన్నాడనుకోండి. కాల్స్ ఎప్పుడొస్తాయో తెలీదు, రిపేరుకు ఎంతసేపు పడుతుందో కూడా తెలీదు, సగటు మాత్రం గంట. క్యూలో ఎంతసేపు ఆగాలో లెక్కగట్టే క్యూయింగ్ సిద్ధాంతంలో అన్నిటికన్నా సాదా లెక్క ప్రకారం, అతని టైంలో 80 శాతం పనిలో గడిస్తే కస్టమర్ సగటున 4 గంటలు ఎదురుచూడాలి. 90 శాతానికి పెంచితే 9 గంటలు! లిఫ్టులో మనిషి ఇరుక్కున్నప్పుడు ఆ తేడా ఏమిటో చెప్పక్కర్లేదు. టెక్నీషియన్లు పదిమందై, ఏరియాలు వేరై, పార్టు కోసం మళ్లీ తిరిగి రావాల్సి వస్తే ఈ సూత్రం సరిపోదు. సిమ్యులేషన్ అవసరం అక్కడే మొదలవుతుంది.

అపోహ: నెలకు సగటున రెండు కంట్రోల్ బోర్డులు పోతాయి, కొత్తవి రావడానికి నెల పడుతుంది. కాబట్టి స్టోర్‌లో రెండుంటే చాలు.

వాస్తవం: ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పాడయ్యే బోర్డులైతే, ఆ నెలలో మూడో బోర్డు అవసరపడే అవకాశం సుమారు 32 శాతం. నాలుగు పెట్టుకుంటే కొరత వచ్చే అవకాశం 5 శాతం దగ్గరికి దిగుతుంది. ఆ రెండు బోర్డుల డబ్బు దాచడం పొదుపో కాదో మీరే చూసుకోండి.

అపోహ: గడువు పెట్టి పార్టులన్నీ ముందే మార్చేస్తే బ్రేక్‌డౌన్లు ఉండవు.

వాస్తవం: అరిగిపోయే రోప్, బ్రేక్ లైనింగ్ వంటివాటికి ఇది నిజం. అన్నిటికీ కాదు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలన్, హీప్ 1978 నివేదికలో చూపిన ప్రకారం, వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో 89 శాతానికి వయసు గడువు పెట్టడం వల్ల లాభం లేదు. పైగా కొత్తగా బిగించినప్పుడే మొరాయించే పార్టులూ ఉంటాయి.

అపోహ: డేటా పక్కాగా ఉంటేనే మోడల్ చేయాలి.

వాస్తవం: పక్కా డేటా నాకెప్పుడూ దొరకలేదు. టెక్నీషియన్ రిపేరు వివరాలు రాసే జాబ్ కార్డులో “సరిచేశాం” అని మాత్రమే ఉంటుంది. తెలియని అంకెలను అటూ ఇటూ మార్చి నడిపితే, ఏ అంకె వల్ల ఫలితం తారుమారవుతోందో తెలుస్తుంది. ముందు దాన్ని కొలిపించండి. గతేడాది కంప్లెయింట్ రిజిస్టర్‌తో పోలిక కుదరని మోడల్‌కు మాత్రం, గ్రాఫులు ఎంత అందంగా ఉన్నా, బిల్లు పాస్ చేయకండి.