డఫీ జన్యువు: ఒక్క అక్షరం తేడా

1950లో, పదేపదే రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగి సీరంలో కొత్త యాంటీబాడీ బయటపడింది. ఆయన పేరే ఆ రక్తవర్గానికి స్థిరపడింది: డఫీ. దాని వెనకున్న జన్యువును ఇప్పుడు ఏసీకేఆర్1 అంటున్నారు. అది ఒకటో క్రోమోజోమ్ మీద ఉందని 1968లో తేలింది. లింగ నిర్ధారక క్రోమోజోములను పక్కనపెడితే, ఫలానా క్రోమోజోమ్ మీద ఉందని చెప్పగలిగిన మొట్టమొదటి మానవ జన్యువు ఇదే.

ఈ జన్యువు నుంచి తయారయ్యే ప్రొటీన్ కణం పైపొరను ఏడుసార్లు దాటుతూ అల్లుకుని ఉంటుంది. వాపు ఉన్నచోట వెలువడే కీమోకైన్లనే సంకేత అణువులను బయటివైపు కొసతో పట్టుకుంటుంది. ఇలా కీమోకైన్లను పట్టుకునే ప్రొటీన్ల (గ్రాహకాల) కుటుంబంలోని మిగతావి వెంటనే కణం లోపలికి కబురు పంపుతాయి. ఇది మాత్రం ఆ రకం కబురు పంపదు.

చిక్కేమిటంటే, వైవాక్స్ మలేరియా పరాన్నజీవి ఎర్రకణంలోకి దూరడానికి ఆ కొసనే పట్టుకుంటుంది. ఎర్రకణాల మీద డఫీ ప్రొటీన్ లేనివాళ్లకు వైవాక్స్ సోకడం లేదని 1976లో శాస్త్రవేత్త లూయీ మిల్లర్ బృందం చూపింది. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో దాదాపు అందరూ అలాంటివాళ్లే. అయితే ఇది తిరుగులేని రక్ష కాదు. డఫీ లేనివాళ్లలోనూ వైవాక్స్ కనిపించిందని 2010లో మడగాస్కర్ నుంచి నివేదిక వచ్చింది.

వాళ్లలో జన్యువు ఊడిపోలేదు. ప్రొటీన్ నమూనా ఉన్న భాగమూ చెడలేదు. దానికి ముందున్న నియంత్రణ భాగంలో ఒకే ఒక్క డీఎన్ఏ అక్షరం మారింది, టీ బదులు సీ. గాటా1 అనే ప్రొటీన్ వచ్చి అతుక్కుని జన్యువును పని చేయించే చోటు సరిగ్గా అదే. గాటా1 మీద ఆధారపడేది ఎర్రకణాల వంశం కాబట్టి అక్కడ మాత్రమే డఫీ ఆగిపోతుంది. చిన్న సిరల గోడల్లో మామూలుగానే తయారవుతుంది. 1995లో వెల్లడైన ఈ సంగతి నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. పరాన్నజీవి వాడుకునే చోట తీసేసి, శరీరానికి అవసరమైన చోట ఉంచేసే మార్పు ఇది!

దీనికి మరో ప్రభావం కూడా ఉంది. ఈ మార్పు రెండు ప్రతుల్లోనూ ఉన్నవాళ్ల రక్తంలో న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) సంఖ్య తక్కువగా ఉంటుంది. అంతమాత్రాన వాళ్లకు ఇన్ఫెక్షన్లు ఎక్కువ రావు. అయినా పరీక్ష కాగితం మీద ఆ అంకె తక్కువగా కనబడితే కీమోథెరపీ మోతాదు తగ్గించడమో, తీవ్ర మానసిక జబ్బుకు ఇచ్చే క్లోజపిన్ లాంటి మందు ఆపేయడమో జరుగుతోంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ ‘మామూలు’ అంకెలు ఎక్కువగా డఫీ ఉన్నవాళ్ల రక్తం చూసి గీసినవే. డఫీ రకం తేల్చే పరీక్ష రక్తనిధి కేంద్రాలకు కొత్తేమీ కాదు. మందు ఆపే ముందు ఒకసారి అది చేయించాలి.