నల్లాకు మోటరు పెడితే నీళ్లు ఎక్కువ రావు: నీటి సరఫరాపై అపోహలు - వాస్తవాలు

ఎండలు మొదలయ్యాయంటే నాకు మళ్లీ అదే ఫోను. "సార్, ప్రెషర్ అస్సలు లేదు. నల్లాకు హాఫ్ హెచ్‌పీ మోటరు సరిపోతుందా, వన్ హెచ్‌పీ పెట్టమంటారా?" హైదరాబాద్‌లో నీటి సరఫరా పనిలో 19 ఏళ్లుగా ఉన్నాను. జనం ఆరోగ్యాన్నీ డబ్బునూ ఇంతగా తిన్న అపోహ ఇంకోటి చూడలేదు. అందుకే ముందు దీని సంగతి చెబుతాను.

అపోహ: మోటరు పెడితే నీళ్లు ఎక్కువ వస్తాయి.

రావు. వాల్వు తిప్పాక మీ గల్లీ లైన్లోకి వచ్చే నీళ్లు ఎన్నో అన్నే. మోటరు కొత్తగా నీళ్లు పుట్టించదు, ముందు ఇళ్లవాళ్లు లాగితే చివరి ఇళ్లకు పోవాల్సినవి ఆగిపోతాయి. ఇంతవరకే అయితే ఇరుగుపొరుగు గొడవ అనుకోవచ్చు. అసలు ప్రమాదం పైపులో ఉంది. లైన్లో ప్రెషర్ ఉన్నంతసేపు, పైపుకు చిల్లు పడినా నీళ్లు బయటికే కారతాయి. మురికి లోపలికి రాలేదు. మోటరు లాగడం మొదలుపెడితే పైపులో నీళ్లు చాలక వాక్యూమ్ అవుతుంది, అప్పుడు అదే చిల్లు బయట ఉన్నదాన్ని లోపలికి పీలుస్తుంది. పాత గల్లీల్లో పైపు బయట ఉండేది ఏమిటి? డ్రైనేజీ. చాలాచోట్ల నల్లా పైపు మోరీని దాటుకునే ఇంట్లోకి వస్తుంది.

ఒక బస్తీలో 22 ఇళ్ల గల్లీ. నీళ్లు వాసనొస్తున్నాయని ఫిర్యాదు, ఇద్దరు పిల్లలకు వాంతులు, విరేచనాలు. తవ్వితే ఒక ఇంటి జీఐ (ఇనుప) పైపు మోరీలో తుప్పుపట్టి చిల్లులు పడి ఉంది. దాన్ని తీసేసి ఎండీపీఈ (ప్లాస్టిక్) పైపు వేశాం, లైను కడిగాం, శాంపిల్ బాగానే వచ్చింది. వారం తిరక్కుండా మళ్లీ వాసన. ఆ తల్లుల ముఖాలు చూడాలంటే కష్టంగా అనిపించింది.

ఈసారి నీళ్లు వదిలే టైముకే, తెల్లవారుజామున 5 గంటలకు వెళ్లాం. చివరి ఇంట్లో ఒక పెద్దమ్మ. ఆమె నల్లాకు ప్రెషర్ చూపే గేజ్ పెడితే ముల్లు సున్నా మీదే ఉంది. కాసిని నీళ్లు పట్టి క్లోరిన్ పరీక్ష గొట్టంలో ఓటీ అనే మందు చుక్కలు వేశాం. క్లోరిన్ ఉంటే పసుపు తిరగాలి, తిరగలేదు. గల్లీ పొడుగునా మోటర్ల మోత వినిపిస్తోంది. లెక్కపెడితే 14. ఆ పెద్దమ్మ ఇంట్లోనూ ఒకటి ఉంది. బంద్ చేయమంటే ఆమె అంది: "మోటరు బంద్ జేస్తే నాకు బొట్టు గూడ రాదు బిడ్డా. ముందటోళ్లు జేస్తే నేను జెయ్యనా?" ఆమె మాటలో తప్పేమీ లేదు. ఒక్కరే ఆపితే ఆ ఒక్కరే నష్టపోతారు.

ఇంటింటికీ తిరిగి పది నిమిషాలు అందరినీ ఆపమని బతిమాలాం. ముందు నల్లరంగు నీళ్లు వచ్చాయి, బయటికి వదిలేశాం. తర్వాత ముల్లు మెల్లగా లేచి అర కేజీ ప్రెషర్ దగ్గర నిలబడింది. గొట్టంలో లేత పసుపు కనిపించింది. ఇంకో ఐదు నిమిషాలకు మ్యాన్‌హోల్ పక్కన మట్టి తడిసింది. మేం వారం నుంచి వెతుకుతున్న రెండో లీకేజీ అదే. మోటర్లు లాగినన్ని రోజులూ అక్కడ నీళ్లు బయటికి రావడం లేదు, బయటి మురికే లోపలికి పోతోంది. ఇక పైన తడి ఎలా కనిపిస్తుంది? మోటర్లు లీకేజీని కూడా దాచేస్తాయి.

"ఆర్ఓ ఉంది కదా" అంటారు. తాగేవి ఆర్ఓవి సరే, పిల్లలు పళ్లు తోముకునేవి? కూరగాయలు కడిగేవి? చివరి నల్లా దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది ప్రమాణం. లోపలికి వచ్చిన మురికి ముందు దాన్నే తినేస్తుంది.

మరి ప్రెషర్ లేనివాళ్లు ఏం చేయాలి? నేల మట్టానికి కింద సంపు కట్టుకోండి, నల్లా నీళ్లు వాటంతట అవి అందులో పడనివ్వండి. సంపు నుంచి పై ట్యాంకుకు ఎంత మోటరైనా పెట్టుకోండి, దాంతో ఎవరికీ నష్టం లేదు. సంపుకు చోటు లేకపోతే కింది మెట్టు దగ్గర డ్రమ్ము పెట్టినా మేలే. అయినా రాకపోతే ఫెర్రూల్ (గల్లీ లైను నుంచి మీ పైపు మొదలయ్యే చోటి బిగింపు) మూసుకుపోయిందేమో, ఇంటి పైపు తుప్పుపట్టిందేమో చూపించండి. 2025 ఏప్రిల్‌లో జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) నల్లా మోటర్ల మీద ప్రత్యేక డ్రైవ్ పెట్టింది, దొరికితే మోటరు జప్తు, 5,000 రూపాయల జరిమానా. జరిమానా భయంతో కాదు, పిల్లల కోసం తీసేయండి.

అపోహ: గండిపేట (ఉస్మాన్‌సాగర్) నిండింది, ఇంక రోజూ నీళ్లు వదలొచ్చు.

గేట్లు ఎత్తిన ఫొటో వాట్సాప్‌లో రాగానే మొదలవుతుంది ఈ పుకారు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అప్పటి ఊరికి అవి సరిపోయాయి. ఇప్పటి నగరం ప్రధానంగా కృష్ణా, గోదావరి మీద బతుకుతోంది. కృష్ణా నీళ్లు తెచ్చుకునే నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. నగరం 500 మీటర్లకు పైన ఉంది. వంద కిలోమీటర్లకు పైగా దూరం, మెట్టు మెట్టుగా పంపు చేస్తూ పైకి ఎక్కించాలి. డ్యాం నిండినా పంపులు, పైపులు మోయగలిగినంతే వస్తుంది. ఎండాకాలంలో ఇంకో కష్టం. సాగర్‌లో మట్టం 510 అడుగుల దగ్గరికి జారితే మామూలు పంపింగ్‌కు నీళ్లు అందవు. 2024 వేసవిలో సాగర్ నీళ్లు తోడే పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు పెట్టాల్సి వచ్చింది అందుకే. ఈ వానాకాలం నిండిన నీళ్లను వచ్చే జూన్ దాకా, వానలు ఆలస్యమైతే ఆ పైన కూడా లాగాలి. నవంబరులో ధారాళంగా వదిలేస్తే మేలో ఎవరు సమాధానం చెబుతారు?

అపోహ: నీళ్లు తెల్లగా వస్తే బ్లీచింగ్ ఎక్కువైనట్టు.

చాలాసార్లు అది గాలి. గాజు గ్లాసులో పట్టి రెండు నిమిషాలు ఆగండి. అడుగు నుంచి పైకి తేటపడితే గాలి బుడగలే, టెన్షన్ వద్దు. అలా తేటపడక అడుగున మడ్డి దిగినా, వాసన వచ్చినా తాగకండి, ఫిర్యాదు చేయండి.

అపోహ: లీకేజీ చెప్పినా దండగ, ఎవరూ రారు.

కోపం అర్థమవుతుంది. కానీ మాకు వచ్చే ఫిర్యాదుల్లో సగం "మా రోడ్డు మీద నీళ్లు పోతున్నాయి" అనే ఒక్క మాటే. ఆ నీళ్లు నల్లావో డ్రైనేజీవో తెలియదు. జలమండలి 155313కు ఫోన్ చేసినప్పుడు మీ క్యాన్ నంబరు (మీ నల్లా కనెక్షన్ నంబరు), దగ్గర్లోని కరెంటు స్తంభం నంబరు చెప్పండి. ముఖ్యంగా ఆ నీళ్లు రోజంతా పోతున్నాయా, సరఫరా టైములోనే పోతున్నాయా చెప్పండి. సరఫరా టైములోనే అయితే అది మీ గల్లీ లైనే. రోజుమార్చి రోజు ఆ కొద్ది గంటలే మాకు దొరికే టైము, భూమిలో నీళ్ల చప్పుడు వినే సౌండింగ్ రాడ్డు చెవికి ఆనించి వినాల్సింది అప్పుడే. ఆ గంటల్లో గల్లీలో మోటరు మోత లేకపోతే కింద నీళ్లు ఎక్కడ చీల్చుకుని పోతున్నాయో సన్నగానైనా వినపడుతుంది.